నడకలో పొదుపు



విత్తనం పొదుపుగా వాడండనీ, నీరు పొదుపుగా పెట్టండనీ, ఎరువు వృథా చేయవద్దనీ మేము మీకు ఎప్పుడూ చెబుతూనే ఉంటాం. ఈ పూట అవేవీ కాదు. మన ఒంట్లోని శక్తిని పొదుపు చేసుకొనే సంగతి ఒకటి చెప్పుకొందాం. అది నడక సంగతి. "నడవడం కూడా ఒకరు నేర్పాలా? ఏడాది నిండగానే నేర్చుకొన్నాం గదా!" అని మీరు నవ్వవచ్చు. నవ్వండి, తప్పులేదు. నేనూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకొన్నాను. నా చేత జరిగిన ఒక పొరపాటు ఆ నవ్వు మాన్పించింది. ముందుగా అది చెబుతాను.

కిందటేడు మే నెలాఖరున ఒక ఊళ్ళో భూసార పరీక్షకు మట్టి ఎలా తీయాలో చూపించడానికి రైతులను రమ్మన్నాను. చేను ఊరికి 3 కిలోమీటర్లు. ఉదయం 7 గంటలకు వస్తానన్నవాణ్ణి, వేరే పని తగిలి, చేరేసరికి పదిన్నర అయింది. అప్పటికే ఎండ చుర్రుమంటున్నది. ఆలస్యం నాది గనుక తొందరా నాదే. "పదండి, పదండి" అంటూ ముందు నడిచాను. నాకు ముప్పై అయిదేళ్ళు, చేతిలో బరువు లేదు. వెనక పన్నెండుమంది రైతులు. వారిలో ఒక పెద్దాయనకు అరవై దాటాయి. వాగు ఇసుక దాటి గట్టు ఎక్కేటప్పటికి ఆయన మాట తడబడింది. కళ్ళు తేలవేసి కూలబడ్డాడు. ఒళ్ళు ముట్టుకొంటే కాలుతున్నది. వేపచెట్టు నీడకు చేర్చి, తువ్వాళ్ళు తడిపి ఒళ్ళంతా కప్పి, విసిరి, 108కు ఫోను చేసి, ఆసుపత్రికి పంపించాం. మూడోనాటికి ఇల్లు చేరాడు. బతికి బట్టకట్టాడు గనుక నేను ఈనాడు ఈ మాట తలెత్తి చెప్పగలుగుతున్నాను.

పలకరించడానికి వెళ్తే ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "తప్పు మీది కాదులే బాబూ. వెనకబడితే ఏమనుకొంటారోనని మీ కాళ్ళ నడక నా కాళ్ళకు పెట్టుకొన్నాను. అదీ వచ్చిన చిక్కు" అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నేను వ్యవసాయ డిప్లమా చదివినవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అందుచేత డాక్టరుగారిని అడిగాను, పుస్తకాలు తిరగవేశాను. నేను తెలుసుకొన్నది మీ ముందు పెడుతున్నాను.

నడకకు రెండు లెక్కలున్నాయి. ఒకటి దూరం లెక్క: ఒక కిలోమీటరు నడవడానికి ఒళ్ళు ఎంత శక్తి ఖర్చుపెడుతుంది? రెండోది నిమిషం లెక్క: నిమిషానికి ఎంత ఖర్చుపెడుతుంది? ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే మన పొరపాటంతా ఉన్నది.

దూరం లెక్క ముందు చూద్దాం. మీ బావి దగ్గర డీజిలు ఇంజను ఉన్నదనుకోండి. నీరు తోడినా తోడకపోయినా, ఇంజను తిరుగుతున్నంతసేపూ కొంత నూనె తాగుతూనే ఉంటుంది. మన ఒళ్ళూ అంతే. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మనిషి నిటారుగా నిలబడాలి. వీటికి నిమిషనిమిషానికీ ఖర్చు ఉన్నది. నత్తనడక నడిచామంటే దారిలో ఎక్కువసేపు ఉంటాం, ఈ ఖర్చు ఎక్కువవుతుంది. పోనీ, వడివడిగా నడుద్దామంటే కాళ్ళను తొందరగా విసరాలి, అడుగు అడుగుకూ ఒంటిని ముందుకు తోయాలి, మళ్ళీ ఆపుకోవాలి. ఆ ఖర్చు ఇంకా తొందరగా పెరుగుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక నడక ఉన్నది. అందులోనే దూరానికి ఖర్చు అన్నిటికన్న తక్కువ.

దీన్ని ఉయ్యాలతో పోల్చవచ్చు. ఉయ్యాల తన ఊపున తాను ఊగుతున్నప్పుడు చిన్నగా వేలు ఆనిస్తే చాలు. దాన్ని తొందరపెట్టాలన్నా కష్టమే, పట్టి ఆపి నెమ్మదిగా ఊపాలన్నా కష్టమే. నడిచేటప్పుడు మన శరీరం నేలమీద ఆనిన కాలి మీదుగా పైకి లేచి, ముందుకు ఒరిగి దిగుతుంది. లేచినప్పుడు పెట్టిన శక్తిలో మంచి భాగం దిగేటప్పుడు ముందుకు సాగడానికి పనికివస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం చక్కగా కుదిరేది ఆ మధ్యరకం నడకలోనే.

ఈ సంగతిని 1958లో అమెరికాలో రాల్‌స్టన్ అనే శాస్త్రజ్ఞుడు కొలిచి లెక్క కట్టాడు. ఆయన లెక్క ప్రకారం, బరువేమీ మోయకుండా, చదునైన గట్టి నేల మీద నడిచే 50 కిలోల మనిషికి అయ్యే ఖర్చు సుమారుగా ఇదీ. చేతిలో పెన్సిలు ఉంటే రాసుకోండి.

గంటకు 2 కిలోమీటర్ల నడక: కిలోమీటరుకు 52 కాలరీలు, నిమిషానికి 1.7.
గంటకు 3 కిలోమీటర్ల నడక: కిలోమీటరుకు 42 కాలరీలు, నిమిషానికి 2.1.
గంటకు 4.5 కిలోమీటర్ల నడక: కిలోమీటరుకు 39 కాలరీలు, నిమిషానికి 2.9.
గంటకు 6 కిలోమీటర్ల నడక: కిలోమీటరుకు 41 కాలరీలు, నిమిషానికి 4.1.

కాలరీ అంటే తిండిలోని శక్తిని కొలిచే కొలత. గింజలకు శేరూ, పాలకు లీటరూ ఎలాగో శక్తికి కాలరీ అలాగ.

ఇప్పుడు ఆ అంకెలు మళ్ళీ ఒకసారి చూడండి. దూరం లెక్కలో నాలుగున్నర కిలోమీటర్ల నడకే చవక. అయితే ఆరు కిలోమీటర్ల నడకకు కూడా ఎక్కువయ్యేది కిలోమీటరుకు రెండు కాలరీలే. అది ఒక ముద్ద అన్నం కూడా కాదు. "మరి తొందరగా నడిస్తే వచ్చిన నష్టమేమిటి?" అని మీరు అడగవచ్చు. నష్టం నిమిషం లెక్కలో ఉన్నది. 2.9 ఎక్కడ, 4.1 ఎక్కడ? నిమిషానికి అయ్యే ఖర్చు రూపాయికి నలభై పైసల చొప్పున పెరిగిపోయింది. మనకు ఆయాసం తెచ్చేదీ, గుండెను తొందరపెట్టేదీ, ఒంటిని వేడెక్కించేదీ ఈ నిమిషం లెక్కే. సుఖంగా నడిచామా, రొప్పుతూ నడిచామా అన్నది దీన్నిబట్టే ఉంటుంది.

నేను ఆ రోజు చేసింది ఇదే. 3 కిలోమీటర్ల దూరం మామూలుగా నడిస్తే 40 నిమిషాలు. తొందరగా నడిస్తే 30 నిమిషాలు. పది నిమిషాలు మిగిల్చుకోబోయి ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చాను. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఎండాకాలంలో ఈ సంగతి మరీ ముఖ్యం. ఎందుకో చెబుతాను. చదును నేల మీద నడిచేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తి దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. 50 కిలోల మనిషి గంటకు 6 కిలోమీటర్ల చొప్పున అరగంట నడిస్తే పుట్టే వేడి బయటికి పోకుండా ఒంట్లోనే నిలిచిపోయిందనుకోండి. ఒంటి వేడి సుమారు 3 డిగ్రీలు పెరుగుతుంది. అలా పెరగకుండా కాపాడేది చెమట. చెమట పట్టడం కాదు సుమా, చెమట ఆరడం. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరిపోతే సుమారు 580 కాలరీల వేడిని తీసుకుపోతుంది. కొత్త కుండలో నీరు చల్లబడేది కూడా ఈ కిటుకు చేతనే.

అయితే గాలి ఒంటికన్న వేడిగా ఉంటే ఆ గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది. పైన ఎండ సరేసరి. కోస్తా ఊళ్ళలో ఉక్కపోత రోజున చెమట కారిపోతుందే గాని ఆరదు. కారిపోయిన చెమటతో నీరూ ఉప్పూ పోవడమే గాని ఒళ్ళు చల్లబడదు. అలాంటి రోజున వడిగా నడవడమంటే, మూత బిగించిన కుండ కింద మంట ఎగదోయడమే. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ముసలివారూ, ఎండలో పనిచేసే కూలీలూ ఎక్కువ. అందుచేత ఇది నవ్వి వదిలేసే విషయం కాదు.

"మరి నిదానంగా నడిస్తే ఎండలో ఎక్కువసేపు ఉండాలి గదా?" అని కొందరు రైతులు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. గంటకు 2 కిలోమీటర్ల చొప్పున కాళ్ళీడ్చుకొంటూ పోతే 3 కిలోమీటర్లకు గంటన్నర పడుతుంది. అదీ మంచిది కాదు. కాబట్టి దీనికి విరుగుడు నడక పెంచడం కాదు, బయలుదేరే వేళ మార్చడం. గంట ముందు బయలుదేరండి. చెట్లున్న దారి కాస్త చుట్టయినా ఆ దారినే పోండి. మన తాతలు ఈ పని చేసే చూపించారు. ఆరంగుళాల సాలుతో ఒక ఎకరం ఒక్కసారి దున్నాలంటే నాగలి వెనక నడిచే నడక సుమారు 27 కిలోమీటర్లు. నమ్మకం లేకపోతే లెక్క వేసి చూడండి. ఎద్దులు గంటకు రెండున్నర కిలోమీటర్లు నడిచినా దాదాపు 11 గంటల పని. అందుకే కోడి కూసేవేళకు అరక కట్టి, ఎండ ఎక్కేసరికి విప్పేవారు. మిగిలింది మర్నాటికి. ఎద్దును తొందరపెట్టి ఒకే రోజున ముగించినవాణ్ణి ఊళ్ళో ఎవరూ మెచ్చుకోలేదు.

ఇక మన నడక వడి ఎంతో తెలుసుకోవడం ఎలాగ? దీనికి యంత్రాలేమీ అక్కరలేదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు ఉంటాయి. ఒక రాయి నుంచి ఇంకొక రాయికి మామూలుగా నడిచి గడియారం చూడండి. 13, 14 నిమిషాలు పడితే మీ నడక ఆ చవక నడకకు దగ్గరగా ఉన్నట్టే. 10 నిమిషాలకే చేరితే మీరు తొందరపడుతున్నారు. గడియారం లేకపోతే ఇంకొక గుర్తు ఉన్నది. పక్కవాడితో మాట్లాడుతూ నడవండి. మాట తెగకుండా సాగుతుంటే నడక సరిగా ఉన్నది. రెండు మాటలకొకసారి ఊపిరి పీల్చుకోవలసి వస్తే తగ్గించండి. మన ఆడవాళ్ళు నాట్లకు పోతూ కబుర్లు చెప్పుకొంటూ నడుస్తారే, అదే అసలైన కొలత.

అయితే ఈ అంకె అందరికీ ఒకటే అనుకోవద్దు. పొట్టి కాళ్ళ పిల్లలకు వేరు, పొడుగాటి మనిషికి వేరు. వయసు పైబడినవారికి అదే నడకకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. గర్భిణులు, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు ఇంకా నిదానంగా పోవాలి. ఎవరి ఒంటికి తగిన నడక ఆ ఒంటికే తెలుసు. మనసు తొందరపెట్టకపోతే కాళ్ళు దాన్ని వాటంతట అవే పట్టుకొంటాయి. అందుచేత పదిమందీ కలిసి పోయేటప్పుడు నిదానంగా నడిచేవారిని ముందు పెట్టండి. మిగతావారు వారి వెనక నడవండి. ఆ రోజు తరువాత నేను రైతులతో పొలం పోయేటప్పుడు పెద్దవారి వెనకే నడుస్తున్నాను.

నేలను బట్టి కూడా నడక మార్చాలి. ఇసుకలో అడుగు వేస్తే ఇసుక జరుగుతుంది. మనం పెట్టిన బలం కొంత దాన్ని జరపడానికే పోతుంది. ఇసుకలో నడవడానికి అదే వడిలో గట్టి నేల మీద నడిచినదానికన్న రెండింతలకు పైగా శక్తి పడుతుందని కొలిచి చూశారు. దమ్ము చేసిన చేలో కాలు దిగబడి, మళ్ళీ పీక్కోవాలి. అక్కడా అంతే. కాబట్టి గట్టు మీద నడిచిన వడితో వాగులోనూ చేలోనూ నడవబోకండి. నేను చేసిన రెండో తప్పు అదే.

ఇక బరువు సంగతి. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు. 50 కిలోల మనిషి దాన్ని ఎత్తుకొన్నాడంటే ఇంచుమించు తనంత మనిషిని ఎత్తుకొన్నట్టే. బరువు మోసేవాడు, "తొందరగా పోతే తొందరగా దించుకోవచ్చు" అని పరుగులాంటి నడక నడుస్తాడు. నాలుగడుగుల దూరమైతే సరే. దూరమైతే అది పనికిరాదు. ఈ విద్యలో మనకు గురువులు నేపాల్ కూలీలు. ఎవరెస్టు కొండ దారిలో నామ్చే అనే ఊరి సంతకు బరువులు మోసే కూలీలను పరిశీలించి 2005లో శాస్త్రజ్ఞులు తమ పరిశోధన ప్రకటించారు. మగవారు మోసే బరువు సగటున తమ ఒంటి బరువులో నూటికి 93 వంతులు. అంత బరువుతో కొండదారిన రోజుల తరబడి ఎలా నడుస్తారు? నెమ్మదిగా నడుస్తారు, మాటిమాటికీ ఆగుతారు. ప్రతివారి చేతిలో ఒక పొట్టి కర్ర ఉంటుంది. దాన్ని వెనక ఆనించి, బరువు కిందికి దించకుండానే దాని మీద నిలిపి ఊపిరి తీసుకొని మళ్ళీ సాగుతారు. అలసిపోయాక ఆగడం కాదు, అలసిపోకుండా ఆగడం. ఈ తేడా గమనించండి. గడ్డిమోపు మోసినా, ధాన్యం బస్తా మోసినా, కావడి మోసినా ఇదే సూత్రం. ఆగవలసిన చోట్లు ముందే అనుకోండి. ఈ చెట్టు దాకా, ఆ తూము దాకా అని.

మందు కొట్టేవారికి ఒక మాట. 16 లీటర్ల ట్యాంకు నింపి వీపున తగిలించుకొంటే, యంత్రం బరువుతో కలిపి సుమారు 20 కిలోలవుతుంది. తొందరగా నడిస్తే మొక్కకు చాలినంత మందు పడదు. మరీ నిదానిస్తే ఎక్కువ పడుతుంది. అంతకన్న ముఖ్యం మీ ఆరోగ్యం. రొప్పుతూ నడిచేవాడు ఎక్కువ గాలి పీలుస్తాడు, గాలితోపాటు మందు తుంపరా లోపలికి పోతుంది. చెమటతో తడిసిన చర్మం మందును తొందరగా పీల్చుకొంటుంది. కాబట్టి మందు చల్లపూటనే కొట్టండి. ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు మరవకండి. మొదటి సాలులో ఎంత వడిగా నడిచారో చివరి సాలులోనూ అంతే వడిగా నడవగలిగేలా మొదలుపెట్టండి.

పట్నంలో డాక్టర్లు "వడిగా నడవండి, ఒంటికి మంచిది" అంటున్నారు గదా అని మీకు అనుమానం రావచ్చు. అది నిజమే. రోజంతా కుర్చీలో కూర్చునేవారు శక్తిని ఖర్చుచేయడానికే నడుస్తారు. చల్లపూట, చేతులూపుకొంటూ, అరగంటో ముప్పావుగంటో. మీరు నడిచేది పని చోటికి చేరడానికి. చేరిన తరువాత అసలు పని ఉన్నది. దారిలోనే శక్తి చల్లుకుంటే చేలో ఏం మిగులుతుంది?

ఎండరోజుల్లో ఇంకొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఎండలో పనికి ఒళ్ళు అలవాటు పడటానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. చెరువు పూడిక పనికో, మరో పనికో కొత్తగా పోయేవారు మొదటి వారం పనీ నడకా రెండూ తగ్గించుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకొకసారి గ్లాసు నీళ్ళు తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి మంచివి. తలకు తువ్వాలు చుట్టుకోండి, వదులు నూలుబట్టలు కట్టుకోండి.

నడుస్తున్న మనిషికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, కాళ్ళు పట్టేయడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి నీళ్ళు ఇవ్వండి. మాట తడబడినా, తెలివి తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతున్నది గదా అని కూడా ధైర్యపడవద్దు. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, గట్టిగా విసరండి. తెలివి లేని మనిషి నోట నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కు ఫోను చేయండి. వాహనం వచ్చేదాకా తడపడం, విసరడం మానవద్దు. ఆ పెద్దాయనను కాపాడింది ఆ తడి తువ్వాళ్ళేనని డాక్టరుగారు నాతో చెప్పారు.

ఇంతకూ చెప్పిందేమిటి? దారి ఖర్చు నడక వడితో పెద్దగా తగ్గదు. కాని ఆయాసం, వేడి ఆ వడితోనే పెరుగుతాయి. కిలోమీటరుకు పదమూడు, పద్నాలుగు నిమిషాలు, మాట తెగని నడక, పెద్దవారి వెనక నడవడం, అలసిపోకముందే ఆగడం. ఈ నాలుగూ గుర్తుంచుకొంటే చాలు. పొలానికి ఎప్పుడు చేరామన్నది కాదు, చేరిన తరువాత పనిచేసే ఓపికతో చేరామా, సాయంత్రం ఇంటికి క్షేమంగా తిరిగి వచ్చామా అన్నదే లెక్క.

ఆ పెద్దాయన ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. మొన్న పొలం దారిలో కనిపించి, "బాబూ, ఇవాళ నా వెనక నడుస్తారా?" అని నవ్వాడు. నడిచాను. చెరువుగట్టు దాకా కబుర్లు చెప్పుకొంటూ పోయాం. ఇద్దరిలో ఎవరికీ ఆయాసం రాలేదు.